సులియా నింపిన బండ

గురువారం మధ్యాహ్నం పాస్టరు యాకోపోగారి పికప్ వచ్చి బడి వెల్డింగు షెడ్డు ముందు ఆగింది. వెనక తొట్టిలో కొబ్బరాకుల పరుపు మీద మనిషంత పొడుగున్న గ్యాసు బండ పడుకుని ఉంది. దాని మెడలో ఎవరో ఎర్రపూల దండ కూడా వేశారు. దించడానికి నలుగురు కుర్రాళ్ళు పట్టారు. నలుగురూ మూలిగారు. ఆ మూలుగు వినగానే సులియా చేతిలో పని ఆపి చూసింది.

సులియా వెల్డింగు మూడో ఏడు చదువుతోంది. ఆ తరగతిలో ఇరవై ఇద్దరుంటే ఆడపిల్ల తనొక్కతే. వంటా కుట్టుపనీ నేర్పే గదులు పక్కనే ఉండగా పోయిపోయి ఈ నిప్పురవ్వల్లో ఎందుకు పడ్డావే అని మేనత్త ఇప్పటికీ సణుగుతూనే ఉంటుంది. ఖాళీ బండ బరువెంతో సులియా భుజానికి తెలుసు. ఇద్దరుంటే చాలు, మూలగక్కర్లేదు.

"దేవుడి గంట కదా, భక్తి బరువు," అన్నాడు వాగుడుకాయ సోలో. అందరూ నవ్వారు. పాస్టరుగారు కూడా నవ్వారు. సులియా నవ్వలేకపోయింది.

దీవి అంచున ఉన్న వైసేగా ఊళ్ళో గంటలన్నీ బండలే. పాత గ్యాసు బండ అడుగు కోసేసి, దూలానికి వేలాడదీసి, ఇనప కడ్డీతో కొడితే కొండ మీది తోటల దాకా వినబడుతుంది. చర్చి గంట అదే, సాయంత్రం ప్రార్థన గంట అదే, బడి గంట అదే. చర్చి గంట తుప్పుపట్టి నెర్రె తీసి, ఈమధ్య కొడుతుంటే పగిలిన మూకుడు కొట్టినట్టుంది. ఎదురుగా పిల్లల పండగ ఆదివారం. ఆ రోజు పిల్లలంతా తెల్లబట్టలు కట్టుకుని వాక్యాలు అప్పజెబుతారు, పెద్దలకంటే ముందు వాళ్ళకే వడ్డిస్తారు. ఆ పండక్కి కొత్త గంట మోగాలని పాస్టరుగారి కోరిక.

బండ కోయడం ఈ బడికి కొత్తేమీ కాదు. ముందు మూతి విప్పాలి, రెండురోజులు నీళ్ళు నింపి ఉంచాలి, ఆ తర్వాతే నిప్పు చూపించాలి. మొదటేడు చేరిన పిల్లాడికి కూడా ఇది తన పేరంత బాగా తెలుసు. కానీ ఈ బండ తుఫానుకి మూతపడ్డ బీచి హోటలుది. నెలల తరబడి ఉప్పునీళ్ళలో పడి ఉంది. మూతి తిప్పే చక్రం విరిగిపోయింది, మిగిలింది తుప్పుతో రాయిలా బిగుసుకుపోయింది. విప్పడానికి లేదు, నీళ్ళు నింపడానికీ లేదు.

వెల్డింగు నేర్పే పెలేసా మాస్టారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "హోటలువాళ్ళు దీన్ని చాలాకాలం వాడుకునే ఉంటారు కదండీ, అయ్యగారూ," అన్నాడు నేల చూస్తూ. ఖాళీయేనా అని నేరుగా అడిగే ధైర్యం ఆయనకే కాదు, ఆ ఊళ్ళో ఎవరికీ లేదు.

"ఖాళీదే. డీకన్ సవేలియో చూశాడు," అన్నారు పాస్టరుగారు.

దాంతో ఆ మాట అయిపోయింది. డీకన్ ఏం చూశాడో సులియా ఊహించుకోగలదు. హోటలు కాపలా ముసలాయన దగ్గరికెళ్ళి, ఇది ఖాళీయే కదా తాతా అని అడిగి ఉంటాడు. చర్చి పనిమీద అంత దూరం ఎండలో వచ్చిన మనిషిని కాదని పంపడం ఎలాగని ముసలాయన తలూపి ఉంటాడు. అడిగినవాడి మొహం చూసి జవాబివ్వడం మా మర్యాద. డీకన్ ఆ తల ఊపుడు తెచ్చి పాస్టరుగారికిచ్చాడు, పాస్టరుగారు తెచ్చి బడికిచ్చారు. చేతులు మారిన కొద్దీ అది సత్యమైపోయింది.

మాస్టారు తనకి చేతనైనట్టు అడ్డం తిరిగాడు. ఆక్సిజన్ తక్కువగా ఉందన్నాడు. పట్నం నుంచి రేపు పొద్దున్నకల్లా తెప్పిస్తానన్నారు పాస్టరుగారు. రంపంతో కోస్తే అంచు నున్నగా వస్తుందన్నాడు. నిప్పుతో కోస్తే పిల్లలకి చూడముచ్చటగా ఉంటుందన్నారు పాస్టరుగారు. అయితే నేనే కోస్తానండీ అన్నాడు మాస్టారు ఆఖరికి.

"నువ్వెందుకయ్యా. పిల్లల పండగ గంట, పిల్లాడే కోయాలి. ఎవడి చెయ్యి బావుంటుంది?"

ఇరవై తలకాయలు ఒక్కసారే లాఫి వైపు తిరిగాయి. లాఫి సులియా సొంత తమ్ముడు. నాయనమ్మకి చాకిరీ చేయడానికి సులియా ఒక ఏడాది బడి మానేయడంతో ఇద్దరూ ఒకే తరగతిలో పడ్డారు. నిప్పుతో ఇనుము కోస్తే వాడి గీత దారం పట్టి లాగినట్టు వస్తుంది. పాస్టరుగారు వాడి భుజం తట్టారు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. మాస్టారి మొహంలో నెత్తురుచుక్క లేదు.

శుక్రవారం పొద్దున్న బడి ఆవరణలో రాలిన ఆకులేరే పనికి సులియా అందరికంటే ముందు వచ్చింది. ఎండ అప్పుడే కొండ దిగుతోంది. బండ షెడ్డు బయట నిలబెట్టి ఉంది. పై సగం అప్పటికే ఆరి పొడిగా ఉంది. కింది సగానికి మాత్రం మంచు పట్టి, నీటిబొట్లు సన్నగా జారుతున్నాయి. తడీ పొడీ కలిసేచోట, తన నడుముకి జానెడు కింద, గీసినట్టు ఒక గీత ఉంది.

నడుముకి చుట్టుకున్న లావాలావా చెంగుతో తుడిచి చూసింది. పైన మళ్ళీ పట్టలేదు. కింద చూస్తుండగానే మళ్ళీ చెమర్చింది. ఇంట్లో అమ్మ వంటగ్యాసు ఎంత మిగిలిందో చూసేది ఇలాగే, తడిగుడ్డ పెట్టి. గ్యాసున్నంత మేరా ఇనుము చల్లగా ఉండి తడి తొందరగా ఆరదు. సులియా సుత్తి తెచ్చి మెల్లగా కొట్టింది. పైన ఠంగుమంది. కింద దబ్బుమంది. ఆ దబ్బు వినేసరికి ఆమె అక్కడే ఆకుల్లో చతికిలబడింది. సగం బండ గ్యాసు. దానికి మరో రెండు గంటల్లో తమ్ముడు నిప్పు పెట్టబోతున్నాడు.

తడి ఆరిపోయేలోపు గీత వెంట సుద్దముక్కతో గుర్తు పెట్టింది. చేయి వణికి గీత వంకరపోయింది.

లాఫి వచ్చాక చెయ్యిపట్టుకుని లాక్కెళ్ళి చూపించింది. అప్పటికి తడి లేదు, సుద్దగీత ఒక్కటే ఉంది.

"నీకన్నీ అనుమానాలే అక్కా. మంచుకి అన్నీ తడుస్తాయి," అన్నాడు వాడు.

"కొట్టి చూడు మరి."

వాడు కొట్టలేదు. సుత్తి వంక చూడను కూడా లేదు. "అయ్యగారు ఖాళీ అన్నారు. కాదని నేనంటే ఎల్లుండి అమ్మ చర్చిలో మొహమెక్కడ పెట్టుకుంటుంది? ఊరందరి ముందూ నన్ను ఎంచారు," అన్నాడు. అంటున్నంతసేపూ బొటనవేలితో నేల గీకుతూనే ఉన్నాడు. భయంగా ఉందా అని అడిగితే, ప్రశ్న పూర్తికాకముందే లేదన్నాడు. వీడికీ తెలుసు అనుకుంది సులియా. అప్పుడు ఆమె భయం రెట్టింపయింది.

మాస్టారి దగ్గరికి పరిగెత్తింది. బడి గేటు దగ్గర మాస్టారు తన ఐదేళ్ళ కూతుర్ని బస్సెక్కిస్తున్నాడు. ఆ పిల్ల రోజూ షెడ్డులోనే మేకులేరుకుంటూ ఆడుకుంటుంది. పిల్లల పండక్కి రెండురోజుల ముందు ఏ పిల్లా ఊరు దాటదు, వాక్యం తప్పిపోతుంది. మాస్టారు కూతుర్ని పై ఊళ్ళో అమ్మమ్మగారింటికి పంపిస్తున్నాడు. బస్సు కదిలేదాకా కిటికీలోంచి పిల్ల చెయ్యి వదల్లేదు.

సులియాకి అడగాల్సిన పని లేకుండా పోయింది. అయినా అడిగింది. "మాస్టారూ, బండలో గ్యాసుంది."

"అయ్యగారు ఖాళీ అన్నారమ్మా."

"మీ అమ్మాయినెందుకు పంపించారు మాస్టారూ?"

ఆయన బస్సు వెళ్ళిన దారి వైపు తిరిగాడు. నీకు ఒంట్లో బాగున్నట్టు లేదు ఇంటికి పో అన్నాడు. లాఫికీ ఒంట్లో బాగాలేదు మాస్టారూ అంది సులియా. లాఫిని అయ్యగారు ఎంచారు కదా అన్నాడు, ఏడుపుకి దగ్గరగా ఉన్న గొంతుతో. పిల్లలందర్నీ కొండవైపు రాతిమెట్ల మీద కూర్చోబెడుతున్నాననీ, అక్కడైతే నీడగా ఉంటుందనీ చెప్పాడు. ఆ మెట్లనిండా చీమలు. ఏ రోజూ ఎవరూ అక్కడ కూర్చోలేదు.

ఆయన్ని పిరికివాడనడం తేలిక. బడి స్థలం ఊరిపెద్ద మౌలోలోది, కప్పు చర్చి వేయించింది, మాస్టారి ఉద్యోగం ఏడాదికోసారి చాప మీద కూర్చునే నలుగురు పెద్దల నోటిమాట మీద నిలుస్తుంది. నూట నలభైమంది పిల్లల్ని చీమల్లోకి తరలించడమే ఆయనకి చేతనైన తిరుగుబాటు. నూట నలభై ఒకటోవాడి సంగతే ఆయనకి తోచలేదు.

పది గంటలకి అందరూ చేరారు. పెద్దలకి దగ్గరి చోటే గౌరవం కాబట్టి, బండకి నాలుగడుగుల్లో చాపలు పరిచి మౌలోలోనీ మరో ముగ్గురు పెద్దల్నీ కూర్చోబెట్టారు. పక్కన పాస్టరుగారి కుర్చీ. వెనక ఆడవాళ్ళ సంఘం, అందులో సులియా అమ్మా మేనత్తా. దూరంగా మెట్ల మీద తెల్లచొక్కాల పిల్లలు చీమలు దులుపుకుంటున్నారు.

నలుగురు కుర్రాళ్ళు బండని ఎత్తి రెండు దుంగల మీద అడ్డంగా పడుకోబెట్టారు. పడుకోబెడుతుండగా లోపల ఏదో బరువుగా ఇటునుంచి అటు జారి తగిలింది. నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత నలుగురూ నేల చూసుకుంటూ మెట్ల వైపు కొంచెం తొందరగా నడిచారు.

పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థనలు ఎప్పుడు ముగుస్తాయా అని ఎదురుచూడటం సులియాకి చిన్నప్పటినుంచీ అలవాటు. ఇవాళ మాత్రం ఇది ముగియకుండా ఉంటే చాలని మొక్కుకుంది. బుర్ర గిర్రున తిరుగుతోంది. అరిస్తే? పిచ్చిదని పక్కకి లాగేస్తారు. లాఫిని లాక్కుపోతే? సోలో చేతికి నిప్పిస్తారు, వాడూ ఒక తల్లి కొడుకే. ఉన్నమాట చెబితే? బండ నిండుగా ఉందంటే పాస్టరుగారు అబద్ధమాడారని అర్థం, డీకన్ అబద్ధమాడాడని అర్థం. పదిమందిలో ఆ మాట పడ్డాక మౌలోలో ఒప్పుకుంటాడా? అయ్యగారి మాట నిలబెట్టడానికి అప్పటికప్పుడు, ఇంకా తొందరగా కోయిస్తాడు. ఈ ఊళ్ళో నిజం చెబితేనే తమ్ముడు ముందు చస్తాడు.

ఆమెన్ అన్నారు.

లాఫి కళ్ళద్దాలు దించుకుని నిప్పు వెలిగించాడు. పచ్చమంట మసి కక్కింది. ఆక్సిజన్ తిప్పాడు, మంట బుస్సుమని నీలంగా సన్నబడింది. వాడు బండ వైపు ఒక అడుగేశాడు. వాడి పిక్కలు వణుకుతున్నాయి. అంత దూరంనుంచి కూడా సులియాకి కనిపించింది.

ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. మెట్లు దిగింది, పెద్దల ముందునుంచి నడిచింది. అంత భయంలోనూ నడుం వంచి, చెయ్యి కిందికి చాపి, తులౌ, తులౌ అని క్షమించమంటూనే దాటింది. పెద్దల ముందు నిటారుగా నడవడం ఆ ఒంటికి రాదు. నేరుగా వెళ్ళి, కాళ్ళు రెండూ ఒకపక్కకి వేసి, బండ మీద కూర్చుంది. కూర్చున్న అదురుకి తన కిందే ఆ గ్యాసు ఒక్కసారి ఊగింది.

ఆడవాళ్ళలోంచి గుప్పుమని ఒక ఊపిరి లేచింది. చర్చి గంట మీద ఆడపిల్ల కూర్చుంది. పెద్దలు నేలమీద ఉండగా వాళ్ళ తలలకంటే ఎత్తున కూర్చుంది. వైసేగాలో అలాంటిది ఎవరూ చూడలేదు.

"లే అక్కా," అన్నాడు లాఫి నోట్లోనే. మంట ఆమె మోకాలికి బారెడు దూరంలో ఉంది.

"ముందు అది ఆర్పు."

వాడు పాస్టరుగారి వంక చూశాడు. ఆర్పలేదు. ఎవరి పిల్ల ఇది, జుట్టుపట్టి దించండి అన్నాడు మౌలోలో. అమ్మ రెండు చేతుల్లో మొహం కప్పుకుంది. మేనత్త లేచి వస్తోంది. అంతకంటే ముందు పాస్టరుగారే దగ్గరికొచ్చారు.

"ఏంటమ్మా ఇది?" అన్నారు. కోపంకంటే ఆశ్చర్యమే ఎక్కువ ఉంది ఆ గొంతులో.

నిజం ఆమె నాలుక చివర దాకా వచ్చింది. మింగేసింది.

"మీరిచ్చినప్పుడు ఖాళీగానే ఉంది అయ్యగారూ. నిన్న సాయంత్రం నేను దీంట్లో గ్యాసు నింపాను."

మంట బుసబుసమంటూనే ఉంది.

"వంట తరగతి బండలోంచి దొంగతనంగా పట్టాను. అమ్ముకుందామని. ఇంత తొందరగా కోస్తారనుకోలేదు. తప్పు నాది, నన్నేమైనా చేయండి. తమ్ముణ్ణి మాత్రం నిప్పు ఆర్పమనండి."

ఆ తుప్పుమూతిలోంచి సూదిమొనంత గ్యాసు కూడా లోపలికి పోదని మెట్ల మీద ఉన్న వెల్డింగు పిల్లలందరికీ తెలుసు. అసలు మూతి విప్పగలిగితే ఈ గొడవే లేదు. సులియా ఆ మొహాల వంక చూసింది. ఒక్కడు నవ్వితే చాలు, అంతా అయిపోతుంది. వాగుడుకాయ సోలో నోరు తెరిచాడు. వాడు ఆ నోరు అలాగే మూసుకున్నాడు. పుట్టాక వాడు మాట మింగడం అదే మొదలు.

మౌలోలో మాస్టారి వైపు తిరిగాడు. "ఏమయ్యా, అలా నింపొచ్చా?"

పెలేసా మాస్టారు సులియాని చూశాడు. పెదవులు తడుపుకున్నాడు. ఆయన తలూపడానికి పట్టిన కాలంలో సులియాకి బండ చల్లదనం మొత్తం తన తొడల్లోకి ఎక్కడం తెలిసింది.

"నింపొచ్చండీ. మాయదారి తెలివి దీనిది. ఇలాంటి పనులు ఇదివరకూ చేసింది," అన్నాడు మాస్టారు.

ఇదివరకూ అన్న మాట ఆమె అడగలేదు. ఆయన తన వంతుగా కలిపాడు. ఆ మాటతో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పాస్టరుగారి మాట నిలిచింది, డీకన్ మాట నిలిచింది, కాపలా ముసలాయన తల ఊపుడు కూడా నిలిచింది. చెడ్డపిల్ల ఒకతె దొరికింది. లాఫి మీటలు తిప్పాడు, మంట టప్పుమని ఆరింది. మేనత్త వచ్చి సులియాని జబ్బపట్టి కిందికి లాగి చెంప పగలగొట్టింది. ఆ దెబ్బ ఎంత హాయిగా ఉందో సులియా ఎవరికీ చెప్పలేదు.

బండని పడవలో సముద్రంలోని పగడపు రీఫు దాకా తీసుకెళ్ళారు. అక్కడ రాళ్ళలో పాతిన గుంజకి కట్టాక, మాస్టారు మిగతావాళ్ళందర్నీ వెనక్కి పంపేసి నీళ్ళలో కోస్తే నిప్పురవ్వ లేవదని ఇనపరంపం పట్టుకుని ఒంటరిగా దిగాడు. సాయం వస్తానన్న లాఫిని తిట్టి తరిమాడు. ఆయన తిట్టడం పిల్లలు వినడం అదే మొదటిసారి. ఊళ్ళో పొయ్యిలన్నీ ఆర్పేశారు, చుట్టలు ఆర్పేశారు. రంపం చప్పుడు సన్నగా గట్టు దాకా వినబడుతోంది. ఒక్కో లాగుడుకీ సులియా కళ్ళు మూసుకుంది. ఉన్నట్టుండి రంపం ఆగి బుస్సుమని పెద్ద చప్పుడు లేచింది. మాస్టారు మునిగిపోయి, పదిబారల అవతల తేలాడు. కొండగాలి గ్యాసుని సముద్రం మీదికి తోసుకుపోయింది. ఆ బుసబుస మధ్యాహ్నం దాటింది, భోజనాల వేళ దాటింది, పొద్దు వాలేదాకా ఆగలేదు.

ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తోంది. పాస్టరుగారు ఎప్పుడో వచ్చి సులియా పక్కన నిలబడ్డారు.

"ఇదంతా నువ్వే నింపావా అమ్మా?"

"అవునయ్యగారూ."

ఆయన చాలాసేపు నీళ్ళవైపు చూశారు. నాలుగడుగుల దూరంలో వేసిన చాపలు, తన కుర్చీ, ఆ కుర్రాడు ఆయన కళ్ళముందు తిరిగి ఉంటాయి. "చాలా కష్టపడ్డావు," అన్నారు.

శనివారం పెద్దలు కూర్చున్నారు. పాస్టరుగారు నోరు విప్పుతారని సులియా ఒక పక్క ఆశపడింది. ఆయన చాప అల్లిక చూస్తూ కూర్చున్నారు. మంచివాడే, పాడువాడేమీ కాదు. కానీ ఆ ఒక్క మాట ఆయన చెప్పి ఉండాల్సింది, ఈనాటికీ నేనదే అంటాను. సులియా ఇంటివాళ్ళు పందినీ తరాలుగా దాచుకున్న సన్నచాపనీ తప్పు కింద ఇచ్చుకున్నారు. సులియా పేరు బడి నుంచి కొట్టేశారు. ఇంకో రెండు నెలలుంటే ఆమెకి పట్టా వచ్చేది.

ఆదివారం పాత గంటే పగిలిన గొంతుతో మోగింది. పిల్లలకి ముందు వడ్డించారు. లాఫి తన పళ్ళెం పట్టుకొచ్చి వంటింటి వెనక కూర్చున్న సులియా ముందు పెట్టాడు. కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు, కాల్చిన సీమపనస, పందిమాంసం.

"దుంగల మీద పడుకోబెట్టేటప్పుడు నాకూ వినబడింది అక్కా. లోపల చప్పుడు."

"మరెందుకు వెలిగించావురా?"

"అయ్యగారు ఖాళీ అన్నారుగా," అని వాడు వెక్కివెక్కి ఏడ్చాడు. సులియా వాడికి తినిపించింది.

సులియాకి భయం అక్కడితో పోలేదు. ఆ హోటల్లో ఇంకా రెండు బండలున్నాయని అందరికీ తెలుసు. అవి ఏ ఊరికో, ఏ చర్చికో, ఎవరి మర్యాద మీదో ఎప్పుడో కదులుతాయి. నింపానని చెప్పడానికి అప్పుడు తను అక్కడ ఉండదు. లాఫి మాత్రం ఉంటాడు. వాడు బడికెళ్ళిన ప్రతి పొద్దునా, దూరంగా ఏ తలుపు ధడాలుమన్నా సులియా చేతిలో పని జారిపోయేది. మేనత్తతో కలిసి కొబ్బరిపాల బన్నులు చేసి బడి కంచె బయట అమ్మడానికి ఒప్పుకుంది కూడా అందుకే. దొంగపిల్లనని పిల్లలు నవ్వినా ఫరవాలేదు, షెడ్డు కనబడుతుంది.

ఫిబ్రవరిలో కొత్త పిల్లలు చేరారు. పట్టా పుచ్చుకున్న లాఫి మాస్టారికి సాయంగా షెడ్డులోనే ఉండిపోయాడు. ఒక పొద్దున్న పక్క ఊరి పెద్దాయన లారీ వచ్చి షెడ్డు ముందు ఆగింది. వెనక కొబ్బరాకుల మీద బండ, దాని మెడలో దండ. సులియా చేతిలోని బన్నుల మూత కింద పడింది. కంచె పట్టుకుంది. నలుగురు కుర్రాళ్ళు బండ దించుతూ మూలిగారు.

"ఇది ఖాళీదే," అన్నాడు పెద్దాయన.

మాస్టారు నడుం వంచాడు. "మీరు తెచ్చారంటే ఖాళీదే అయ్యా, అందులో అనుమానమేముంది. కానీ మా బళ్ళో సులియా అని ఒక దొంగపిల్ల ఉండేది. బండ కనబడితే చాలు, నింపేసేది. ఎప్పుడు ఏ దారిన వచ్చి నింపిపోతుందో ఆ దేవుడికే తెలియాలి. అంచేత ఇక్కడికొచ్చిన ప్రతి బండనీ ఓసారి చూడందే ముట్టుకోం."

"ఆ పిల్లేనా. మా ఊళ్ళోనూ విన్నాం. చూడండి, చూడండి, అలాంటివాళ్ళని నమ్మడానికి లేదు," అన్నాడు పెద్దాయన నవ్వుతూ. ఆయన మొహంలో చిన్నబుచ్చుకున్న జాడే లేదు.

మాస్టారు చెప్పకముందే మొదటేడు పిల్లలు బకెట్టూ తడిగుడ్డా తెచ్చారు. అంటే ఇది వాళ్ళకి ముందే నేర్పిన పనే. బండకి తడి పట్టించి, ఆరేదాకా గుండ్రంగా గొంతుకూర్చున్నారు. కాసేపటికి అందులో పొట్టివాడొకడు తడి ఆరని చోట వేలు పెట్టి అరిచాడు.

"సులియా ఉంది మాస్టారూ. మోకాలి దాకా ఉంది."

అయితే పడవెక్కించండ్రా అన్నాడు మాస్టారు. లాఫి తాడు తేవడానికి వెళ్ళాడు. వెళ్తూ కంచెవైపు ఒకసారి చూశాడు.

చూశావా నీ పరువు ఎలా మంటగలిసిందో, ఊరూరా దొంగమొహానివైపోయావు అని మేనత్త ముక్కు చీదింది. సులియా కింద పడ్డ మూత తీసి దుమ్ము దులిపింది. చెయ్యి వణకడంలేదు. పిల్లల పండగ తర్వాత అదే మొదటిసారి.

విరామంలో ఆ పొట్టివాడు బన్ను కొనుక్కోవడానికి వచ్చాడు. నోటినిండా కుక్కుకుని, అక్కా, నువ్విక్కడే ఉంటావు కదా, ఆ సులియాని ఎప్పుడైనా చూశావా అని అడిగాడు.

"చూశాను."

"నిజంగా అంత దొంగదా?"

"చాలా. దాన్ని ఎప్పుడూ నమ్మకు. ఎవరు ఏం చెప్పినా ముందు బండ తడిపి చూసుకో," అంది సులియా, వాడి చేతిలో ఇంకో బన్ను పెడుతూ.